పాత మచ్చ మీద కొత్త పులిపిరి

భద్రాచలం దగ్గర, గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి ఒక ఉపాధ్యాయుడు ఉత్తరం రాశారు. వాళ్ళ నాన్నగారికి అరవై దాటాయి. కీళ్ళవాతం. ఆరేళ్ళుగా రోజూ పొద్దున ఒక చిన్న తెల్ల మాత్ర వేసుకుంటున్నారు. మొదట్లో నొప్పులు మంత్రం వేసినట్టు తగ్గాయి. మళ్ళీ మిరప తోటలోకి వెళ్ళగలిగారు. ముఖం గుండ్రంగా నిండి వస్తే "నాన్న ఒళ్ళు చేశాడు" అని ఇంట్లో అందరూ సంతోషించారట. ఇప్పుడు ఏడాదిగా ఆయన పిక్క మీద, చిన్నతనంలో కాలిన మచ్చ అంచున, పులిపిరిలాంటిది ఒకటి లేచింది. దాన్ని సున్నంతో కాల్చారు. గుర్రపు వెంట్రుక కట్టారు. రాలినట్టే రాలి, మళ్ళీ పెరిగింది. ఈ రెండు నెలలుగా పంచె తగిలినా నెత్తురు వస్తోంది.

ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. ఇది కాన్సర్ కావచ్చా? దానికి మాత్రే కారణమైతే రేపటి నుంచే మానిపించమంటారా? ముక్క తీసి పరీక్ష చేయిస్తే కాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని ఊళ్ళో అంటున్నారు, నిజమేనా?

మూడింటికీ ముందు పొట్టిగా జవాబు చెబుతాను. కావచ్చు, కాకపోనూ వచ్చు. చూసి చెప్పగలిగింది కాదు, పరీక్ష చేసి చెప్పవలసింది. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. ముక్క పరీక్ష వల్ల కాన్సర్ పాకదు. వచ్చే పంట దాకా ఆగకుండా ఈ వారమే నాన్నగారిని పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. ఇక ఎందుకో వివరంగా చెప్పుకుందాం. ఇలాంటి మాత్రలు వాడేవారు ఈ పత్రిక చదివే ఇళ్ళలో చాలామందే ఉంటారు.

ఆ తెల్ల మాత్ర ఏమిటి?

మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిని అడ్రినల్ గ్రంథులంటారు. అవి రోజూ కార్టిసాల్ అనే రసాన్ని తయారుచేస్తాయి. రక్తపోటు నిలవడానికి, జ్వరం వచ్చినా దెబ్బ తగిలినా తట్టుకోవడానికి ఆ రసం కావాలి. అటువంటి పదార్థాన్నే 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక రోగికి ఇంజక్షన్‌గా ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆ రోగి లేచి నడిచింది. 1950లో హెంచ్‌కూ, కెండాల్, రైక్‌స్టీన్ అనే మరి ఇద్దరు శాస్త్రజ్ఞులకూ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కార్టిజోన్ సంతానమే నేటి ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్. వీటన్నిటినీ కలిపి స్టెరాయిడ్లు అంటాం.

ఇవి చెడ్డ మందులు కావు. ఉబ్బసం ముదిరి ఊపిరాడని బిడ్డను, మూత్రంలో మాంసకృత్తులు పోయి ఒళ్ళంతా ఉబ్బిన పిల్లవాణ్ణి, ఒళ్ళంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోయే పెంఫిగస్ రోగిని, కుష్ఠు రియాక్షన్‌లో నరాలు చచ్చిపోతున్న మనిషిని నిలబెట్టేవి ఇవే. అయితే ఏ రోగానికి, ఎంత, ఎన్నాళ్ళు అన్న లెక్క తప్పితే మాత్రం ఇవి వడ్డీతో సహా వసూలు చేస్తాయి. చక్కెర పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, కంట్లో పొర వస్తుంది. మొహం చంద్రబింబంలా ఉబ్బితే అది బలం కాదు, మందు గుర్తు. ఈ నష్టాల జాబితా చివర్లో, చాలామందికి తెలియని ఒక పద్దు ఉంది. అదే చర్మం మీద వైరస్‌లు రేపే కాన్సర్.

మంచె దిగిన కావలివాడు

జొన్న చేలో మంచె వేసి రాత్రంతా కావలి కాస్తారు. కావలివాడు ఉన్నాడని అడవిపందులు పొలం గట్టు దాకా వచ్చి ఆగిపోతాయి. పందులు అడవిలో లేవని కాదు. ఎప్పుడూ ఉంటాయి. కావలివాడు నిద్రపోయిన రాత్రి చేలో పడతాయి.

మన ఒంట్లో వ్యాధి నిరోధక శక్తి ఆ కావలివాడు. ఒక జాతి తెల్లరక్తకణాలు రోజూ చర్మంలో గస్తీ తిరుగుతూ, వైరస్ దూరిన కణాన్నీ, దారితప్పి పెరుగుతున్న కణాన్నీ పట్టి చంపేస్తుంటాయి. కీళ్ళవాతంలో ఈ కావలివాడే పిచ్చెత్తి సొంత కీళ్ళ మీద పడతాడు. స్టెరాయిడ్ అతన్ని జోకొడుతుంది. నొప్పి తగ్గేది అందుకే. కానీ అతడు నిద్రపోయేది కీళ్ళ దగ్గర మాత్రమే కాదు, ఒళ్ళంతా. అప్పుడు ఏళ్ళ తరబడి అణిగి ఉన్న వైరస్‌లు తల ఎత్తుతాయి. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ పెద్దయ్యాక నడుము చుట్టూ సర్పిగా లేవడం మీరు చూసే ఉంటారు. ఆ ధర్మం తక్కిన వైరస్‌లకూ వర్తిస్తుంది.

ఏ వైరస్‌లు?

మొదటిది పులిపిర్ల వైరస్. పూర్తి పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్.పి.వి. దీనిలో రెండువందలకు పైగా రకాలున్నాయి. కొన్ని చేతుల మీద మామూలు పులిపిర్లు తెస్తాయి. అవి నిరపాయం. 16, 18 అనే రెండు రకాలు స్త్రీలలో గర్భాశయ ముఖద్వారపు కాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణం. పులిపిర్ల వైరస్సే ఈ కాన్సర్ తెస్తుందని నిరూపించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. 5, 8 వంటి మరికొన్ని రకాలు చర్మం మీదే కాపురముంటాయి. ఆరోగ్యవంతుల్లో ఇవి ఏ గొడవా చేయవు. కావలి బలహీనపడిన వారిలో మాత్రం, ఎండ దెబ్బతో చెడిన కణాలు చావకుండా పెరిగేందుకు సాయపడతాయి. దాని ఫలితం స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మపు కాన్సర్.

మేనరికాలు చేసుకునే మన కుటుంబాలు వినవలసిన మాట ఒకటి ఇక్కడ ఉంది. ఎపిడెర్మోడిస్ప్లాసియా వెరూసిఫార్మిస్ అని ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధి ఉంది. 1922లో లెవాండోవ్‌స్కీ, లుట్జ్ అనే ఇద్దరు వైద్యులు దాన్ని వర్ణించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం అందిన పిల్లలకు వస్తుంది కాబట్టి దగ్గరి సంబంధాల్లో ఎక్కువ కనిపిస్తుంది. చిన్నతనం నుంచే ఒంటి మీద శోభి మచ్చల్లాంటివి, చదునైన పులిపిర్లు వ్యాపిస్తాయి. ఎన్ని పూతలు పూసినా పోవు. ముప్ఫై ఏళ్ళు వచ్చేసరికి ఎండ తగిలే చోట్ల అవి కాన్సర్‌గా మారవచ్చు. ఇటువంటి బిడ్డకు తెలియక స్టెరాయిడ్ ఇవ్వడం ఎండు గడ్డిలో నిప్పు వేయడమే.

రెండోది కపోసి సార్కోమా. వియన్నా నగరంలో మోరిట్జ్ కపోసి 1872లో దీన్ని గుర్తించాడు. కారణమైన వైరస్‌ను 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దంపతులు కనుక్కున్నారు. అది హెర్పిస్ కుటుంబంలో ఎనిమిదోది. ఎయిడ్స్ రోగుల్లో వచ్చే కాన్సర్‌గా దీనికి పేరు. కానీ చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవారిలోనూ, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారిలోనూ వస్తుంది. ఈ వైరస్ మన దేశంలో తక్కువ కాబట్టి జబ్బు కూడా మనకు అరుదు. అరుదు కనుకనే గుర్తుపట్టరు. పాదాల మీద, కాళ్ళ మీద నేరేడుపండు రంగులో మచ్చలు, బుడిపెలు వస్తాయి. మన నల్లటి చర్మం మీద అవి నల్లగానే కనిపిస్తాయి. కాలు కూడా వాస్తే "బోదకాలు" అని తీర్మానించేస్తారు. స్టెరాయిడ్ వాడే మనిషికి కాలు వాచి, దాని మీద నల్లటి మచ్చలు లేస్తే బోదకాలు అనుకొని ఊరుకోవద్దు.

ఈ కపోసి జబ్బులో ఒక మంచి విషయం ఉంది. మందు వల్ల వచ్చిన రకమైతే, డాక్టరు మందును నెమ్మదిగా తగ్గించినప్పుడు చాలామందిలో మచ్చలు వాటంతట అవే అణిగిపోతాయి. కావలివాడు మళ్ళీ మంచె ఎక్కితే చాలు!

మూడోది మెర్కెల్ సెల్ కార్సినోమా. దీని వైరస్‌ను కూడా ఆ చాంగ్, మూర్‌ల బృందమే 2008లో పట్టుకుంది. ముసలివారిలో, ఎండ తగిలే చోట, నొప్పిలేని ఎర్రటి లేక నీలపు గట్టి బుడిపెగా లేచి వారాల్లోనే పెరుగుతుంది. చాలా అరుదు. కానీ చాలా చురుకైనది.

భయం ఎంత, జాగ్రత్త ఎంత?

స్టెరాయిడ్ వాడిన ప్రతివారికీ కాన్సర్ రాదు. చాలామందికి రాదు. మూత్రపిండం మార్పిడి తరవాత రెండు మూడు బలమైన మందులు కలిపి వాడే వారిలో స్క్వామస్ సెల్ కాన్సర్ ఇతరులకంటే పదుల రెట్లు ఎక్కువ. స్టెరాయిడ్ ఒక్కటే వాడేవారిలో పెరుగుదల అంతకంటే చాలా తక్కువ. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో చేసి 2001లో ప్రచురించిన అధ్యయనంలో అది రెండింతలకు కొంచెం పైన తేలింది. డెన్మార్క్‌లో 2004 నాటి అధ్యయనంలోనూ కొంత పెరుగుదల కనిపించింది. అవి తెల్లవారి దేశాలు. మన నల్లటి చర్మంలో మెలనిన్ అనే రంగు ఎండ నుంచి కొంత కాపాడుతుంది కాబట్టి మనకు చర్మపు కాన్సర్లు మొదటే తక్కువ.

మరి మనం జాగ్రత్తపడవలసింది ఎక్కడ? పాత మచ్చల దగ్గర. మన దేశంలో ఈ కాన్సర్ తరచు లేచేది ఎండ తగిలే ముక్కు మీదా చెవి మీదా కాదు. చిన్నప్పుడు కాలిన మచ్చ, ఏళ్ళ తరబడి మానని కాలిపుండు, కుష్ఠు నయమైన తరవాత అరికాల్లో మిగిలిపోయిన గుంటపుండు: ఇవే దానికి ఇష్టమైన చోట్లు. ఫ్రెంచి వైద్యుడు మార్జోలిన్ 1828లో ఇటువంటి పుండ్లను వర్ణించాడు. ఇప్పటికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. కాలిన ముప్ఫై ఏళ్ళకు కూడా అది మొదలు కావచ్చు. అన్ని పుండ్లలోనూ వైరస్ పాత్ర ఉందని చెప్పలేం. కానీ పాత మచ్చ, బలహీనపడిన కావలి, పులిపిరిలాంటి పెరుగుదల ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే ఉపేక్షించడానికి వీల్లేదు. మన ఉపాధ్యాయుడి నాన్నగారిలో ఆ మూడూ కలిశాయి. అందుకే ఈ వారమే అన్నాను.

అడవి అంచున స్టెరాయిడ్ ఎలా దొరుకుతుంది?

ఖమ్మం నుంచి కొత్తగూడెం దాటి భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు వెళ్ళే కొద్దీ డాక్టరు దూరమవుతాడు, మందు దగ్గరవుతుంది. మిరపకాయ కోతల రోజుల్లో రోజంతా వంగి పనిచేసిన ఆడవాళ్ళకు నడుంనొప్పి. పోడు చేసే కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఆసుపత్రి అంటే ఒక రోజు కూలి పోవడం. ఊళ్ళో వైద్యం చేసే ఆయన కాగితంలో చుట్టి ఇచ్చే రెండు మూడు రకాల మాత్రల్లో ఒక చిన్నది ఉంటుంది. దానితో నొప్పి పోతుంది, ఆకలి వేస్తుంది, హుషారు వస్తుంది. "ఆ డాక్టరు చెయ్యి మంచిది" అనే పేరూ వస్తుంది. ఆ పొట్లం మీద పేరుండదు. ఎన్నాళ్ళు వాడాలో ఎవరూ చెప్పరు. సంతలో, బస్టాండులో అమ్మే కీళ్ళనొప్పుల చూర్ణాల్లోనూ, ఉబ్బసం పొడుల్లోనూ రహస్యంగా స్టెరాయిడ్ కలపడం మన దేశంలో పలుసార్లు బయటపడింది. "చెట్టు మందు, దోషం లేదు" అని అమ్మేవాడి మాట నమ్మకండి. ఏ మూలిక అయినా ఇరవయ్యేళ్ళ నొప్పిని ఒక్క రోజులో మాయం చేసిందంటే ఆ పొడిని అనుమానించండి.

రెండో దారి పూత మందులు. తామరకు, గజ్జికి, మొటిమలకు, ముఖం తెల్లబడటానికి ఒకే గొట్టం వాడే ఇళ్ళు ఉన్నాయి. ఇందులో క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి బలమైన స్టెరాయిడ్లు ఉంటాయి. దురద వెంటనే పోతుంది. బూజు మాత్రం లోలోపల పాకుతుంది. మన దేశంలో మొండి తామర ఇంతగా పెరగడానికి ఇదొక ముఖ్య కారణమని చర్మవైద్యులు గగ్గోలు పెట్టిన మీదట, 2018లో కేంద్రప్రభుత్వం ఇటువంటి 14 పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చింది. చట్టం మందుల షాపు గడప దాటి లోపలికి పోవాలంటే కొనేవాడు కూడా చీటీ పట్టుకుని వెళ్ళాలి. పూత మందుతో చర్మం పలచబడి, పులిపిర్లు ఎక్కువ కావచ్చు. ఒక పులిపిరి మీద దురద మందు పూస్తే అది వైరస్‌కు విందు పెట్టినట్టు.

మరొక హెచ్చరిక. చెప్పులు లేకుండా అడవిలో, పొలంలో నడిచేవారికి నేల నుంచి పాదాల గుండా దూరే స్ట్రాంగైలాయిడ్స్ అనే పురుగు ఉంటుంది. స్టెరాయిడ్ మొదలుపెడితే అది ఒళ్ళంతా వ్యాపించి ప్రాణం తీయవచ్చు. అణిగి ఉన్న క్షయ కూడా తిరగబడుతుంది. అందుకే ఎక్కువకాలం స్టెరాయిడ్ ఇచ్చే ముందు మంచి డాక్టరు ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీయిస్తాడు, పురుగుల సంగతి చూస్తాడు. కాగితం పొట్లం ఇచ్చే మనిషి ఇవేవీ చూడడు.

ఈ వైరస్ పేరు ఇక్కడ కొత్త కాదు

హెచ్.పి.వి. అన్న మూడక్షరాలు ఖమ్మం జిల్లావారు ముందే విన్నారు. 2009 జులైలో నాటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేలమందికి ఈ వైరస్ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన కార్యక్రమం అది. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో చదువుకునే గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే అనుమతి పత్రాల మీద సంతకాలు చేశారని తరవాత బయటపడింది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం లేదని విచారణ సంఘం తేల్చింది. అనుమతి తీసుకున్న తీరులో, పిల్లలను కనిపెట్టి చూడడంలో లోపాలు మాత్రం నిజమేనని తేలాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా ఖండించింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ గాయం వల్ల ఈనాటికీ ఇక్కడి తల్లులు ఆ టీకా పేరెత్తితే బెదురుతారు. తప్పు జరిగింది అడగకుండా వేయడంలో. మందులో కాదు. ప్రపంచమంతటా కోట్లమందికి వేసిన టీకా ఇది. 2022లో మన దేశంలో తయారైన టీకాకు కూడా అనుమతి వచ్చింది. గర్భాశయ ముఖద్వారపు కాన్సర్ నుంచి ఇది బాగా కాపాడుతుంది. చర్మం మీది 5, 8 వంటి రకాలకు ఇది పనిచేయదు, కాబట్టి చర్మపు కాన్సర్‌కు దీన్ని మందుగా ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. ఇందులో బతికిన వైరస్ ఉండదు కాబట్టి స్టెరాయిడ్ వాడే ఆడపిల్లకూ వేయవచ్చు. నిరోధక శక్తి తగ్గినవారికి మామూలుగా మూడు మోతాదులు చెబుతారు. తల్లిదండ్రులు ప్రశ్నలు అడగాలి, జవాబులు విని, అర్థమైన తరవాతే సంతకం పెట్టాలి. అది మీ హక్కు.

నెలకొకసారి తలంటు రోజున

మూడు నెలలకు మించి స్టెరాయిడ్ వాడుతున్నవారు నెలకొకసారి, తలంటు పోసుకునే రోజున, వెలుతురులో ఒళ్ళంతా చూసుకోవాలి. వీపు, కాళ్ళ వెనక భాగం ఇంట్లోవాళ్ళు చూడాలి. అరికాళ్ళు, వేళ్ళ సందులు, నోటి అంగిలి మరచిపోవద్దు. ఈ కింది వాటిలో ఏది కనిపించినా డాక్టరుకు చూపించండి.

1. నెల దాటినా మానని పుండు, లేక మాని మళ్ళీ మళ్ళీ రేగే పుండు.

2. త్వరగా పెరిగే, అడుగున గట్టిగా ఉండే, తాకితే నెత్తురు వచ్చే పులిపిరి. కాలీఫ్లవర్ పువ్వులా విచ్చుకుంటే మరీ తొందరపడాలి.

3. పాత కాలిన మచ్చలో, పాత పుండులో కొత్తగా లేచిన కండ, కొత్తగా వచ్చిన దుర్వాసన.

4. పాదాల మీద, కాళ్ళ మీద, నోట్లో ఊదారంగు లేక నల్లటి మచ్చలు, బుడిపెలు.

5. నొప్పి లేకుండా వారాల్లో పెరిగే గట్టి బుడిపె.

6. గజ్జల్లో, చంకల్లో, మెడలో బిళ్ళలు కట్టడం.

7. మర్మావయవాల దగ్గర పులిపిర్లు. ఆడవారికి ముట్టు ఆగిన తరవాతా, కలయిక తరవాతా నెత్తురు కనిపించడం. సిగ్గుపడి దాచవద్దు.

వీటిని సున్నంతో, ఆసిడ్‌తో, నల్లజీడి రసంతో కాల్చవద్దు. పైన కాలి మాడుతుంది, కింద వేరు పెరుగుతుంది. రోగం పోల్చుకోవడానికి డాక్టరుకు ఆనవాలు కూడా మిగలదు. ఇలా కాల్చడంలోనే ఏళ్ళు గడిచిపోతాయి.

ముక్క తీస్తే పాకుతుందా?

ఈ భయం వల్ల పోయిన ప్రాణాలు చాలా. ముక్క పరీక్ష అంటే మత్తు సూది వేసి బియ్యపు గింజ, శనగ గింజ అంత కండ తీసి సూక్ష్మదర్శిని కింద చూడటం. దానివల్ల చర్మపు కాన్సర్ పాకదు. "కత్తి పెట్టించాక ముదిరింది" అని ఊళ్ళో చెప్పేవన్నీ ఎక్కువగా ఆలస్యంగా వెళ్ళినవారి కథలు. వాళ్ళు వెళ్ళేసరికే అది పాకి ఉంది. కత్తికి నింద మిగిలింది.

తొలిదశలో పట్టుకుంటే స్క్వామస్ సెల్ కాన్సర్‌ను చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా కోసి తీసేస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతే గజ్జల్లోకి దిగుతుంది, కాలు తీయవలసి రావచ్చు. మచ్చల మీద లేచిన రకం తక్కిన వాటికంటే త్వరగా పాకుతుంది. ముందు భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రుల్లో చూపించండి. కాన్సర్ అని తేలితే హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేస్తారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం వైపువారికి ఆ రాష్ట్రపు వైద్య సేవ పథకం ఉంది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, పాత మందు చీటీలు, మాత్రల ఖాళీ అట్టలు వెంట తీసుకువెళ్ళండి. "ఫలానా తెల్ల మాత్ర" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. అట్ట చూపిస్తే తెలుస్తుంది.

మాత్ర ఎందుకు ఒక్కసారిగా ఆపకూడదు?

ఉత్తరంలోని రెండో ప్రశ్న అన్నిటికంటే ప్రమాదకరమైనది. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే లోపలి గ్రంథులు పని మానేసి నిద్రపోతాయి. మూడు వారాలకు మించి రోజూ వాడినవారు ఒక్కసారిగా ఆపితే ఒంట్లో కార్టిసాల్ ఉండదు. వాంతులు, కళ్ళు తిరగడం, రక్తపోటు పడిపోవడం, స్పృహ తప్పడం, చివరకు చావు. కాన్సర్ భయంతో మాత్ర పారేసిన మనిషి కాన్సర్ కంటే ముందు దీనితో పోవచ్చు. డాక్టరు మోతాదును వారాల మీద, నెలల మీద మెట్టుమెట్టుగా దించుతాడు. అవసరమైతే మరో మందుకు మారుస్తాడు. ఆ మారే మందుల్లో అజథయోప్రిన్ వంటివి చర్మపు కాన్సర్ ముప్పును పెంచుతాయి. కాబట్టి "ఇంతకు ముందు ఇలాంటి పులిపిరి లేచింది" అన్న మాట తప్పక చెప్పండి.

స్టెరాయిడ్ వాడేవారు ఆ మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ ఒక చీటీ మీద రాసి జేబులో ఉంచుకోవాలి. పెద్ద జ్వరం వచ్చినా, ప్రమాదం జరిగినా, ఆపరేషన్ ఉన్నా మోతాదు తాత్కాలికంగా పెంచవలసి ఉంటుంది. ఆ చీటీ ప్రాణం కాపాడుతుంది.

ఇంకో రెండు సందేహాలు

ఇంట్లో మిగతావారికి అంటుతుందా అని చాలామంది అడుగుతారు. కాన్సర్ అంటదు. కంచం, మంచం వేరు పెట్టనక్కర్లేదు. పులిపిర్ల వైరస్ అంటుతుంది. తువ్వాలు, గడ్డం గీసుకునే బ్లేడు వేరుగా ఉంచుకుంటే చాలు.

పథ్యం ఏమిటి అని కూడా అడుగుతారు. వంకాయ మానినా గోంగూర మానినా ఈ జబ్బు రాదనీ పోదనీ లేదు. స్టెరాయిడ్ వాడేవారు ఉప్పు, తీపి తగ్గించాలి. పాలు, పెరుగు, రాగులు, కందిపప్పు తినాలి. ఎండలో పనికి వెళ్ళేటప్పుడు తలపాగా, పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకు చెప్పులు ఉండాలి. పాత మచ్చల మీద పలచని బట్ట కప్పాలి.

ఉపాధ్యాయుడికి చివరిమాట. మీ నాన్నగారి మాత్ర రేపు పొద్దున కూడా ఎప్పటిలాగే ఇవ్వండి. ఆ మాత్ర అట్టనూ, ఆయన్నూ వెంటబెట్టుకుని పొద్దున బస్సు ఎక్కండి. ముక్క పరీక్షలో మామూలు పులిపిరి అని తేలితే ఒక రోజు సెలవు పోయినట్టు. కాదని తేలితే, ఆ ఒక్క రోజే ఆయన కాలును కాపాడిన రోజు.